రాత్రి తినకుండా పడుకున్నా పొద్దున షుగర్ 103. బిడ్డ బరువుకీ దీనికీ సంబంధం ఏంటో ఎవరైనా చెప్తారా?

వేకువ

అందరికీ నమస్తే. నాకు 28 వారాలు, రెండో కాన్పు. పోయిన వారం 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి టెస్ట్ చేశారు. పరగడుపున 98, గంటకు 186, రెండు గంటలకు 149. గర్భంతో వచ్చిన షుగర్ అని చెప్పి మీటర్ కొనుక్కోమన్నారు. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకుని పాత డైరీ వెనక పేజీల్లో రాసుకుంటున్నాను. తిన్న గంటకు చూస్తే 125, 131 అలా వస్తున్నాయి. పొద్దున్నది మాత్రం దిగడం లేదు. మొన్న రాత్రి ఏడింటికే తినేశాను, పొద్దున 101. నిన్న రాత్రి అసలు తినకుండా పడుకున్నాను. ఆకలికి రెండుసార్లు మెలకువ వచ్చింది. పొద్దున 103. మీటర్ చేతిలో పట్టుకుని మంచం మీదే కూర్చుని ఏడ్చేశాను.

నా అసలు టెన్షన్ వేరే ఉంది. మా పెద్దమ్మాయి 38వ వారంలో 2.2 కిలోలతో పుట్టింది. అప్పుడు 34వ వారం నుంచి నాకు బీపీ పెరిగింది. 36వ వారం స్కానింగ్ రిపోర్టు ఇప్పటికీ దాచుకున్నాను. అందులో తల 45వ పర్సెంటైల్, పొట్ట 6వ పర్సెంటైల్ అని ఉంది. ఇప్పుడు ఈ బిడ్డకు తల 52, పొట్ట 81. అప్పుడేమో బిడ్డ ఎదగడం లేదు, బాగా తినమ్మా అన్నారు. ఇప్పుడేమో పొట్ట పెద్దదిగా ఉంది, తగ్గించుకోమ్మా అంటున్నారు. రెండుసార్లూ మోసింది నేనే కదా. మరి ఇంత తేడా ఎలా వస్తుంది? నేను తినేది బిడ్డకు ఎలా చేరుతుందో మొదటి నుంచీ చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? డాక్టర్ గారి దగ్గర నా వెనక ఇంకా పదిమంది ఉన్నారు, అడగడానికి మొహమాటం వేసింది.

ఇద్దరు పిల్లల తల్లి

మీరు రాసింది చదువుతుంటే నా రెండో కాన్పు గుర్తొచ్చింది. నేను అంకెలు సరిగ్గా రాసుకోలేదు, నిజం చెప్పాలంటే కొన్ని రోజులు చూసుకోలేదు కూడా. బాబు 4.1 కిలోలు. తల వచ్చాక భుజం ఆగిపోయింది. నర్సు నా మోకాళ్ళు రెండూ పొట్ట వైపు గట్టిగా మడిచి పట్టుకుంది, ఇంకొకరు పొట్ట కింద నొక్కారు. అదంతా ఒక నిమిషం ఉంటుందేమో. ఆ నిమిషం నాకు ఇంకా పోలేదు. తర్వాత వాడి మడమ గుచ్చి చూస్తే షుగర్ 34. నాకు షుగర్ ఎక్కువైతే వాడికి తక్కువ ఎలా అవుతుందో ఆ రోజు అర్థం కాలేదు. వాడికి ఇప్పుడు నాలుగేళ్ళు, బాగున్నాడు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. మీరు రాసుకుంటున్నారు చూడండి, అది మానకండి.

పురిటిగది నర్సు

చెల్లెమ్మా, నేను 19 ఏళ్ళుగా కాన్పుల వార్డులో పని చేస్తున్నాను. అందులో చివరి ఏడేళ్ళు షుగర్ ఉన్న గర్భిణులకు మీటర్ వాడకం నేర్పడమే నా పని. మీ మందుల విషయం మీ డాక్టరే చూడాలి. లోపల ఏం జరుగుతోందో మాత్రం నేను చెప్పగలను.

ముందు ఆ 101, 103 సంగతి. ఇంట్లో వాడే మీటర్ ల్యాబ్ అంకెకు 15 శాతం దాకా అటూ ఇటూ చూపించినా మంచి మీటర్ కిందే లెక్క. కాబట్టి ఆ రెండూ దానికి ఒకటే అంకె. రాత్రి మాడినందువల్ల పెరిగిందని అనుకోకండి. కానీ మాడినా తగ్గలేదు, అది గమనించండి. పొద్దున కనబడే షుగర్ రాత్రి మీరు తిన్న ముద్దల్లోది కాదు. నిద్రలో మీ మెదడుకూ, బిడ్డకూ సరిపోవాలని లివర్ రాత్రంతా కొంచెం కొంచెంగా వదిలే గ్లూకోజ్ అది. 'ఇక చాలు' అని లివర్‌కు చెప్పేది ఇన్సులిన్. మీ లివర్ ఇప్పుడు ఆ మాట సరిగ్గా వినడం లేదు.

ఎందుకు వినడం లేదంటే, మాయ వల్ల, అంటే కడుపులో బిడ్డకు తిండి అందించే ప్లాసెంటా వల్ల. సగం నెలలు దాటాక మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తూ పోతాయి. నెలలు నిండేసరికి అది మామూలులో సగానికి పడిపోతుంది, ఇంకా తక్కువ కూడా కావచ్చు. మీకొక్కరికే కాదు, ప్రతి గర్భిణికీ ఇంతే. ఇది ప్రకృతి చేసుకున్న ఏర్పాటు. మొదటి సగంలో తల్లి ఒళ్ళు కొవ్వు కూడబెడుతుంది. రెండో సగంలో తాను ఆ కొవ్వుతో గడుపుకుంటూ, గ్లూకోజ్‌ను బిడ్డకు వదిలిపెడుతుంది. క్లోమం రెండు మూడు రెట్లు ఎక్కువ ఇన్సులిన్ చేసి సర్దుకుంటే షుగర్ బయటపడదు. అంతగా సర్దుకోలేకపోతే మీలాగా పరగడుపున 98 వస్తుంది. మీ తిండి దోషమో, మీ బద్ధకమో కాదమ్మా ఇది.

భోజనం మానవద్దని మేము పదేపదే చెప్పేది కూడా ఇందుకే. గర్భంతో ఉన్న ఒళ్ళు మామూలు ఒంటికంటే తొందరగా ఉపవాసంలోకి జారుతుంది. ఒక పూట మానేస్తే కొవ్వు వేగంగా కరిగి, దాని నుంచి వచ్చే కీటోన్లు అనే ఆమ్లాలు పెరుగుతాయి, అవి మాయ దాటి బిడ్డకూ చేరతాయి. పొద్దున అంకె మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆకలీ మీకే, ఏడుపూ మీకే. దానివల్ల బిడ్డకు ఏ మేలూ జరగలేదు. ఈ రాత్రి తినండి.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న. మీరు తినేది నేరుగా బిడ్డకు చేరదు. ఆ గంటలో మీ రక్తంలో ఏముందో అదే మాయ దగ్గరికి వెళుతుంది. గ్లూకోజ్ అక్కడ వాలులో నీళ్ళలాగా దాటుతుంది. మీ వైపు ఎక్కువుంటే అటు ఎక్కువ పోతుంది. మాంసకృత్తుల నుంచి వచ్చే అమైనో ఆమ్లాలను మాయ శక్తి ఖర్చుపెట్టి పైకి తోడి పోస్తుంది, అందుకే వాటి మోతాదు తల్లిలో కంటే బిడ్డ రక్తంలోనే ఎక్కువ. కొవ్వులను ముక్కలు చేసి పంపుతుంది. ఇన్సులిన్ మాత్రం దాటదు. మీ ఒంట్లోది అయినా, సూదితో తీసుకున్నది అయినా మాయ దగ్గరే ఆగిపోతుంది.

దీన్ని బట్టి బిడ్డ పరిస్థితి ఊహించండి. షుగర్ తల్లి నుంచి వస్తోంది, దాన్ని సర్దే ఇన్సులిన్ మాత్రం బిడ్డ తన క్లోమం నుంచే చేసుకోవాలి. చేసుకుంటుంది. ఆ ఇన్సులిన్ కడుపులోని బిడ్డకు ఎదుగుదల మందులా పని చేస్తుంది. డెన్మార్క్‌లో యోర్గెన్ పెడర్సన్ అనే డాక్టర్ 1950లలోనే ఈ మాట చెప్పారు, ఇప్పటికీ నిలబడి ఉంది. పై ఆవిడ బాబుకు పుట్టాక షుగర్ 34కు పడిపోయింది కూడా ఇందుకే. బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే షుగర్ ఆగిపోయింది. వాడి ఇన్సులిన్ మాత్రం అదే జోరు మీద ఉంది.

ఇప్పుడు మీ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి. నేను తరచూ గర్భిణుల చేత ఇలాగే చేయిస్తాను. తల 45, 52. పెద్దగా తేడా లేదు. మారింది పొట్ట, 6 నుంచి 81కి. పర్సెంటైల్ అంటే అదే వారాలున్న వందమంది బిడ్డలను చిన్నా పెద్దా వరసలో నిలబెడితే మీ బిడ్డ నిలబడే చోటు. స్కానింగ్‌లో పొట్ట చుట్టుకొలతను లివర్ కనబడే చోట తీస్తారు. బిడ్డ మిగులు గ్లూకోజ్ దాచుకునేది ఆ లివర్‌లోనే, కొవ్వు పేరుకునేది ఆ చర్మం కిందే. సరుకు తక్కువ వస్తే బిడ్డ మెదడును కాపాడుకుంటూ లివర్‌లో నిల్వ ఖర్చుపెట్టుకుంటుంది, పొట్ట సన్నబడుతుంది. ఎక్కువ వస్తే లివర్, కొవ్వు పెరుగుతాయి, భుజాలు కూడా వెడల్పవుతాయి. మెదడు ఎదగడానికి ఇన్సులిన్‌తో అంతగా పని లేదు కాబట్టి తల అలాగే ఉంటుంది. రెండుసార్లూ బిడ్డకు చేరిన సరుకు లెక్క రాసి ఉన్నది బిడ్డ పొట్ట దగ్గరే.

పోయినసారి మీ తిండి తక్కువై పాప చిన్నగా పుట్టిందని మీరు అనుకుంటూ ఉంటే, ఆ మాట మనసులోంచి తీసెయ్యండి. బీపీ పెరిగి పొట్ట 6కు పడిపోయిందంటే చాలామందిలో కారణం మాయకు రక్తం సరిగ్గా అందకపోవడం. అలాంటప్పుడు మీరెంత తిన్నా పాపకు చేరే దారే ఇరుకు. ఈసారి దారి బాగుంది, సరుకే ఎక్కువ. అయితే ఒక జాగ్రత్త. షుగర్ ఉన్నవాళ్ళలో బీపీ వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది, మీకు ముందే ఒకసారి వచ్చింది. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, డొక్క కింద కుడివైపు నొప్పి, ముఖం హఠాత్తుగా ఉబ్బడం, వీటిలో ఏది వచ్చినా పొద్దున దాకా ఆగకండి.

98 అనే అంకె చూసి బెదరకండి. 2008లో తొమ్మిది దేశాల్లో దాదాపు 25 వేల మంది గర్భిణుల మీద చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. హాపో అంటారు. తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు, బొడ్డుతాడు రక్తంలో ఇన్సులిన్ గుర్తులు, సిజేరియన్లు పెరుగుతూ పోయాయి. ఫలానా అంకె దగ్గర మొదలైందని చెప్పే గీత మాత్రం కనబడలేదు. మీ టెస్టులో షుగర్ అని తేల్చడానికి చూసే 92 (పరగడుపున), 180 (గంటకు), 153 (రెండు గంటలకు) ఆ పరిశోధన చూసి తర్వాత నిపుణులు గీసుకున్న గీతలు. 91 ఉన్నామె ఒడ్డున, 93 ఉన్నామె నీళ్ళలో ఉన్నట్టు కాదు. ప్రతి పది పాయింట్లు తగ్గించుకున్నా బిడ్డకు అంత మేలు. 2009లో కొంచెం మాత్రమే షుగర్ ఉన్న 958 మందిని రెండు గుంపులు చేసి చూశారు. మామూలుగా వదిలేసిన గుంపులో వారాలకు మించి పెద్దగా పుట్టిన బిడ్డలు 14.5 శాతం. తిండి, మీటర్, అవసరమైతే ఇన్సులిన్‌తో చూసుకున్న గుంపులో 7.1 శాతం. మీరు డైరీ వెనక రాస్తున్న అంకెలు చేసే పని అది.

బయోకెమిస్ట్రీ టీచర్

నర్సు గారు అంతా చక్కగా చెప్పారు. ఒక్కటి కలపాలనిపించింది. షుగర్ అదుపులో ఉన్నా కొందరికి బిడ్డ పెద్దగానే పుడుతుంది. అందులో తల్లి కొవ్వుల పాత్ర కూడా ఉంది. చివరి నెలల్లో రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు రెండు మూడు రెట్లు పెరగడం మామూలే, రిపోర్టు చూసి కంగారు పడకండి. మాయ మీద ఉండే ఎంజైములు వాటిని విడగొట్టి బిడ్డకు పంపుతాయి. గర్భం రాకముందే బరువు ఎక్కువున్న వాళ్ళలో ఈ కొవ్వులకూ, పుట్టిన బిడ్డ ఒంటి కొవ్వుకూ దగ్గరి సంబంధం కనబడింది. 28వ వారంలో కిలో మాత్రమే ఉన్న బిడ్డ పుట్టేసరికి మూడు కిలోలు దాటుతుంది, ఒంటి కొవ్వులో ఎక్కువ భాగం చేరేది ఈ మిగిలిన వారాల్లోనే. కాబట్టి వేకువ గారూ, మీకు ఆలస్యం కాలేదు.

వేకువ

అక్కా, మీరు రాసింది మా ఆయనకు కూడా చదివి వినిపించాను. పెద్దదాని సంగతి రాసిన చోట నాకు గొంతు పట్టేసింది. ఆరేళ్ళుగా నేనే సరిగ్గా తినలేదనుకుంటూ ఉన్నాను. ఎవరితోనూ అనలేదు.

నిన్న డాక్టర్ గారు డైరీ చూసి రాత్రి పడుకునే ముందు 6 యూనిట్ల ఇన్సులిన్ మొదలుపెట్టారు. రెండు అడగాలి. ఒకటి, ఇన్సులిన్ దాకా వచ్చిందంటే నేను ఓడిపోయినట్టేనా? నా ఫ్రెండ్‌కు తిండితోనే తగ్గింది. రెండు, ఎలాగూ ఇన్సులిన్ ఉందిగా, అంకెలు ఇంకా కిందికి, 75, 80 దాకా దించేస్తే బిడ్డకు మరీ మంచిదా?

పురిటిగది నర్సు

ఓడిపోవడం ఏంటమ్మా. తిండి, నడకతోనే సరిపోయేవాళ్ళు ఎక్కువమందే, నిజమే. కానీ పరగడుపు అంకె మొండికేసే వాళ్ళలో సమస్య రాత్రి లివర్ దగ్గర ఉంటుంది. మీరు నిద్రపోతుంటే తిండితో, నడకతో ఏం చేస్తారు? ఆ 6 యూనిట్లు మీ బదులు రాత్రి కాపలా ఉంటాయి. పొద్దున 95 లోపు వచ్చేదాకా డాక్టర్ మోతాదు పెంచుతూ పోవచ్చు. 6 కాస్తా 14 అయినా ఖంగారు పడకండి. మాయ పెద్దదయ్యేకొద్దీ అవసరం పెరుగుతుంది, జబ్బు ముదిరిందని కాదు. ఒక వేళ చివరి వారాల్లో మోతాదు మార్చకుండానే అంకెలు హఠాత్తుగా బాగా పడిపోతూ ఉంటే సంతోషపడి ఊరుకోకండి, ఆ రోజే ఫోన్ చేయండి. మాయ పని తగ్గుతోందేమో వాళ్ళు చూడాలనుకుంటారు.

రెండో ప్రశ్న అడిగినందుకు మెచ్చుకుంటున్నాను, చాలామంది అడగకుండా చేసేస్తారు. వద్దు. 1989లో గర్భంతో వచ్చిన షుగర్ ఉన్నవాళ్ళ సగటు అంకెలు, పిల్లల బరువులు పక్కపక్కన పెట్టి చూశారు. సగటు 105 దాటిన వాళ్ళకు పెద్ద బిడ్డలు ఎక్కువ. సగటు 87 కంటే తక్కువకు దించేసిన వాళ్ళకు చిన్న బిడ్డలు ఎక్కువ. మీ పెద్దమ్మాయి చిన్నగా పుట్టింది, ఆ దిగులు మీకు తెలుసు. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు. అక్కడ ఆగండి. 70 కంటే కిందికి వచ్చి చెమటలు, వణుకు అనిపిస్తే వెంటనే తీపి ఏదైనా తీసుకుని పావుగంటకు మళ్ళీ గుచ్చి చూసుకోండి.

వేకువ

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను. ఇప్పుడు 33 వారాలు. రాత్రి 12 యూనిట్లు, పొద్దున అంకెలు 86 నుంచి 93 మధ్య. బీపీ బాగుంది. నిన్న స్కానింగ్ అయింది. తల 50, పొట్ట 79. అక్కా, ఇన్ని వారాలు ఇంత జాగ్రత్తగా ఉంటే 81 నుంచి 79. నేను 60 అయినా వస్తుందనుకున్నాను.

పురిటిగది నర్సు

79 చూసి దిగులుపడకండి. వదిలేసి ఉంటే ఇది 90 దాటి ఉండేదేమో. పైకి ఎక్కకుండా ఆగింది, అది మీ కష్టమే. ఇంకో మాట. బిడ్డ క్లోమం ఒకసారి ఎక్కువ ఇన్సులిన్ చేయడానికి అలవాటు పడితే, తన రక్తంలోని గ్లూకోజ్‌ను తొందరగా వాడేసుకుని అటువైపు మోతాదు తగ్గిస్తుంది. దాంతో మాయ దగ్గర వాలు పెరిగి, తల్లి అంకెలు బాగున్నా కొంచెం ఎక్కువే లాక్కుంటుందని పరిశోధకులు కొందరు అంటున్నారు. మీరేదో తప్పు చేస్తే ఇలా అవదు. పైగా స్కానింగ్ చెప్పే బరువు 10, 15 శాతం దాకా తప్పొచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సింది వేరే ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి, మొహమాటపడకండి. పుట్టాక బిడ్డ మడమ గుచ్చి షుగర్ ఏ ఏ గంటలకు చూస్తారు, ఎంతకంటే తగ్గితే ఏం చేస్తారు అని అడగండి. బిడ్డను మొదటి గంటలోనే మీ గుండెల మీద పెట్టి పాలు పట్టించమని ముందే చెప్పి ఉంచండి, సిజేరియన్ అయినా సరే. షుగర్ పడిపోకుండా ఆ మొదటి పాలే సాయం. మీ ఇన్సులిన్ కాన్పు కాగానే ఆపేస్తారా అని కూడా అడగండి, మాయ బయటికి వచ్చేశాక చాలామందికి అవసరం ఉండదు. ఆ తర్వాత నాలుగు వారాలకూ పన్నెండు వారాలకూ మధ్య ఇదే 75 గ్రాముల టెస్ట్ మీకు మళ్ళీ చేయించుకోవాలి. చంటిబిడ్డ హడావుడిలో చాలామంది మర్చిపోయేది ఇదే, మీవారి ఫోన్‌లో ఇప్పుడే అలారం పెట్టించండి.